వడ్డీ లేని ఋణము, సలం బేరము

వడ్డీ గైకొనక ఋణమిచ్చు సంస్థ యెట్లు నిలుచునని మన సభ్యులు పలుమారు ప్రశ్నించుచుందురు. ఇస్లాము ధర్మమున వడ్డీ నిషిద్ధము. ఆ నియమమును పాటించు రైతు కుటుంబములు కర్నూలు, కడప జిల్లాలలో మన యిరుగుపొరుగుననే యున్నవి. కావున వారి పద్ధతిలో ఇచ్చిన సొమ్మునకు భద్రత యెచ్చట నున్నదో విచారింతము.

హైదరాబాదునందు 1966లో స్థాపింపబడిన తూర్ బైతుల్‌మాల్ నగలను కుదువ పెట్టుకొని వడ్డీ లేకయే అప్పులిచ్చినది. అచట భద్రత నగయే. ఇది మనకు క్రొత్త గాదు. మన దేశపు బ్యాంకులు మాత్రము సరకుల వ్యాపారము చేయరాదని 1949 నాటి బ్యాంకుల చట్టము శాసించుచున్నది. వడ్డీ లేని బ్యాంకింగును రఘురాం రాజన్ సంఘము 2008లో సిఫారసు చేసినను, రిజర్వు బ్యాంకు 2017 నాటికి ఆ యోచనను విడిచినది. బెంగుళూరున ధర్మసమ్మతమైన లాభమని చెప్పి మదుపులు స్వీకరించిన ఐ.ఎం.ఏ. సంస్థ 2019లో కూలెను. పేరు చూచి సొమ్ము దాచుట యెంతటి ప్రమాదమో వేలాది కుటుంబములు అప్పుడెరిగినవి.

రైతునకు ముఖ్యమైనది సలం అను బేరము. పంట చేతికి రాకమునుపే కొనువాడు పూర్తి వెలను రొక్కముగా చెల్లించును. సరకు రకము, గుణము, తూకము, అప్పగించు గడువు ముందే నిర్ణయింపబడును. వేరుసెనగకు మండీ వర్తకులిచ్చు అడ్వాన్సు వంటిదే కదా యని తోచవచ్చును. కాదు. అడ్వాన్సు తీసికొన్న రైతునకు ధర తరచుగా కోతలనాడు వర్తకుని నోటనే తెలియును. వడ్డీ ఆ ధరలో దాగియుండును. సలములో వెల కొంత యిచ్చి కొంత నిలిపిన బేరము చెల్లదు. ఫలానా చేని పంటనే యియ్యవలెనను షరతును వ్రాయరాదు. వాన తప్పి ఆ చేను ఎండినచో బేరమే మునుగును గదా! రైతు అదే రకపు సరకును వేరొకచోట కొనియైనను ఇయ్యవచ్చును. సరకే దొరకనిచో కొనువాడు వేచియుండవలెను, లేదా తానిచ్చిన సొమ్ము మాత్రము తిరిగి గైకొనవలెను. ఆలస్యమునకు అదనము లేదు. తన భద్రతకై అతడు జామీనునైనను కుదువనైనను కోరవచ్చును.

అయినను ఒక చిక్కున్నది. కరవు సీమయంతటను వచ్చినచో సరకు దొరకునుగాని ధర మండును. దానిని కొని అప్పగించు రైతు నష్టపడును. సూడాను దేశమున వ్యవసాయ బ్యాంకుల సలం బేరములలో ఇట్టి చిక్కే వచ్చెను. ధరలు మిక్కుటముగా పెరిగినందున సరకు అప్పగించుటకు రైతులు వెనుదీసిరి. అంతట ధర మూడవవంతునకు మించి మారినచో నష్టమును ఇరువురును సర్దుకొనవలెనను నిబంధనను పత్రములలో చేర్చిరి. మన సంఘము వేరుసెనగకు ఇట్టి బేరమును తలపెట్టినచో, ఆ హద్దు మూడవవంతా, నాల్గవవంతా యనునది విత్తనమునకు మునుపే సభ్యులు సభయందు తేల్చుకొనవలసి యుండును.