జేసీబీ పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్.. మధ్యాహ్నం మొండికేత..! ఇంజిన్ విప్పించే ముందు ఇవి చూడండి

పొద్దున ఆరింటికి తాళం తిప్పితే చాలు.. ఒక్క సెల్ఫ్‌కే గుర్రుమని అందుకుంటుంది. పన్నెండు దాకా ఆగకుండా మట్టి తవ్వుతుంది. పవర్ తగ్గదు, నల్ల పొగ రాదు. తీరా భోజనానికని బంద్ చేసి, అరగంట తర్వాత వచ్చి తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ అందుకోదు. గంటన్నర వదిలేస్తే మళ్లీ ఏమీ జరగనట్టే స్టార్ట్ అయిపోతుంది. పాత బండ్లు నడిపే చాలామంది ఆపరేటర్లకు బాగా తెలిసిన తలనొప్పి ఇది.

గంటల లెక్కన కిరాయికి తిరిగే బండికి ఇది చిన్న విషయం కాదు. పొలంలో రైతు, పునాది దగ్గర మేస్త్రీ గడియారం చూస్తూ నిలబడతారు. అందుకే కొందరు ఆపరేటర్లు భోజనం టైమ్‌లోనూ బండి బంద్ చేయరు. పని లేకుండా ఐడిల్‌లో ఉన్నా గంటకు లీటరు, లీటరున్నర డీజిల్ పోతుంది. ఇంకొందరు ఓనర్లు “కంప్రెషన్ పోయింది, బోరు చేయించాలి” అన్న మాట విని ఏకంగా ఇంజిన్ విప్పించేస్తారు. అంత ఖర్చు పెట్టాక కూడా మధ్యాహ్నం అదే కథ అయితే ఎవరిని అడగాలి..?

ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఈ నష్టం తప్పుతుంది. కంప్రెషన్ తగ్గిన డీజిల్ ఇంజిన్ ముందుగా ఏడిపించేది చల్లగా ఉన్నప్పుడు. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు కదా.. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజిన్ వేడిగా ఉంటే ఆ పని ఇంకా సులువవుతుంది. కాబట్టి పొద్దున చలిలో ఠక్కున స్టార్ట్ అయ్యే బండి, వేడి మీద మాత్రమే మొండికేస్తోందంటే.. రింగులు, బోరు మీద అనుమానం చివర్న రావాలి. ముందు చూడాల్సింది డీజిల్ దారి, కరెంటు దారి.

బంద్ చేశాకే వేడి ఎందుకు పెరుగుతుంది..?

ఇంజిన్ నడుస్తున్నంతసేపు ఫ్యాన్ తిరుగుతుంది, రేడియేటర్ నీళ్లు తిరుగుతాయి. పంపు గుండా పోయే డీజిల్ కూడా కొంత వేడిని తీసుకెళ్లిపోతుంది. బంద్ చేయగానే ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి. సిలిండర్ హెడ్, బ్లాక్‌లో ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోదు. మెల్లగా పక్కనున్న డీజిల్ పంపుకు, సెల్ఫ్ మోటార్‌కు, వైర్లకు పాకుతుంది. అందుకే బంద్ చేసిన వెంటనే తాళం తిప్పితే స్టార్ట్ అయ్యే బండి కూడా, ఇరవై నిమిషాలు ఆగాక మొరాయిస్తుంది. బయట ఎండలు నలభై దాటే మే నెలలో ఈ సమస్య ముదరడం అందుకే.

మొబైల్‌తో రెండు వీడియోలు తీయండి

మెకానిక్‌ను పిలిచే ముందు ఆపరేటర్ చేయగలిగిన పని ఒకటుంది. పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు సైలెన్సర్ కనిపించేలా, సెల్ఫ్ శబ్దం వినిపించేలా ఒక వీడియో. మధ్యాహ్నం మొండికేసినప్పుడు అదే చోటు నుంచి ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం రోగం దొరికినట్టే.

మధ్యాహ్నం వీడియోలో సెల్ఫ్ శబ్దం ఈడ్చినట్టు, నీరసంగా ఉందా..? అయితే తప్పు కరెంటు వైపు ఉంది. సెల్ఫ్ పొద్దునలాగే చురుగ్గా తిరుగుతున్నా సైలెన్సర్ నుంచి పొగ జాడే లేదా..? అంటే సిలిండర్‌లోకి డీజిల్ సరిపడా వెళ్లడం లేదు. సెల్ఫ్ బాగానే తిరిగి, తెల్ల పొగ దండిగా వస్తోందంటే.. డీజిల్ వెళుతోంది కానీ కాలడం లేదు. అప్పుడు నాజిల్స్, పంపు టైమింగ్ చూడాలి. అవి కూడా బాగున్నాయంటేనే కంప్రెషన్ టెస్ట్ దాకా వెళ్లాలి.

అసలు దొంగ చాలాసార్లు పంపే..!

సెల్ఫ్ బాగా తిరిగి, పొగ రాని కేసుల్లో పాత బండ్లకు ఎక్కువగా తేలేది అరిగిపోయిన డీజిల్ పంపు. మన దగ్గర ఏ కంపెనీ బ్యాక్‌హో లోడర్‌నైనా జేసీబీ అనే పిలుస్తాం. 2021 ఏప్రిల్‌లో బీఎస్ స్టేజ్-4 రూల్స్ వచ్చేదాకా అమ్ముడైన ఇలాంటి బండ్లలో చాలావాటికి కంప్యూటర్ లేని మెకానికల్ పంపే ఉంది. అందులో కొన్నింటికి ఉండే రోటరీ పంపుకు వేరే ఆయిల్ ఉండదు. లోపల తిరిగే రోటర్‌కు డీజిలే గ్రీజు. రోటర్‌కు, దాని చుట్టూ ఉన్న హెడ్‌కు మధ్య సందు తల వెంట్రుక మందంలో చిన్న వంతు కూడా ఉండదు. అంత బిగువుగా ఉంటేనే డీజిల్ ఒత్తిడి నిలుస్తుంది.

వేలాది గంటలు నడిచాక ఆ సందు కాస్త పెరుగుతుంది. చల్లటి డీజిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అందులోంచి పెద్దగా జారిపోదు. అదే డీజిల్ 40 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే చిక్కదనం దాదాపు సగానికి పడిపోతుంది. ఇక నాజిల్‌కు వెళ్లాల్సింది సందులోంచి వెనక్కి జారిపోతుంది.

మరి నడుస్తున్నప్పుడు పవర్ ఎందుకు తగ్గదు..? ఇక్కడే చాలామంది మోసపోతారు. సెల్ఫ్ మీద ఇంజిన్ నిమిషానికి సుమారు 150 నుంచి 200 సార్లు తిరుగుతుంది. పంపు తిరిగేది అందులో సగమే. అంత నిదానంగా తిరిగినప్పుడు డీజిల్ జారిపోవడానికి బోలెడు సమయం దొరుకుతుంది. ఒకసారి స్టార్ట్ అయి స్పీడ్ అందుకుంటే, జారిపోయే దానికన్నా పంపు నెట్టేదే ఎక్కువ. అందుకే పనిలో ఉన్నంతసేపు బండి బంగారంలా ఉంటుంది.

తడి గోనె టెస్ట్

ఈ అనుమానం నిజమో కాదో తేల్చడానికి మెకానిక్‌లు పాతకాలం నుంచీ వాడే చిట్కా ఒకటుంది. బండి వేడి మీద మొండికేసినప్పుడు, బకెట్ నేలకు దించి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం తీసేయాలి. బానెట్ తెరవడానికి ఆర్మ్స్ ఎత్తాల్సిన బండి అయితే సేఫ్టీ స్ట్రట్ పెట్టకుండా లోపల చేయి పెట్టొద్దు. తర్వాత తడిపిన గోనె సంచి ముక్కనో, మందపాటి గుడ్డనో పంపు చుట్టూ కప్పి, కొంచెం కొంచెం నీళ్లు చిలకరిస్తూ పది, పదిహేను నిమిషాలు ఉంచాలి. అప్పుడు వెంటనే స్టార్ట్ అయిందా..? మరో రోజు గోనె లేకుండా అంతే సేపు ఆగి చూడండి. గోనెతో స్టార్ట్ అయి, గోనె లేకుండా మొండికేస్తే పంపు అరిగిందన్న అనుమానం బలపడినట్టే.

అయితే బకెట్‌తో ఒక్కసారిగా చన్నీళ్లు గుమ్మరించకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడైతే అసలే వద్దు. పంపు బాడీ ఒక్కసారిగా ముడుచుకుని లోపలి రోటర్ పట్టేస్తే, బతికున్న పంపును చేతులారా చంపినట్టే. ఆల్టర్నేటర్, సెల్ఫ్ మీద నీళ్లు పడకుండా కూడా చూసుకోవాలి.

పంపు దాకా వెళ్లే ముందు చవకైనవి చూడాలి

పొగ రాకపోవడానికి పంపు అరుగుదల ఒక్కటే కారణం కాదు. డీజిల్‌ను ఆపే స్టాప్ సాలినాయిడ్ ఉన్న బండ్లలో, తాళం ఆన్ చేయగానే పంపు దగ్గర ‘టిక్’ మన్న శబ్దం రావాలి. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడి మీద రావడం లేదంటే సాలినాయిడో దాని వైరో తేడా చేస్తోంది. పంపు బాగుచేయించే ఖర్చు ముందు ఇది లెక్కలోకే రాదు. చేత్తో లాగే స్టాప్ కేబుల్ ఉన్న బండ్లలో కేబుల్ పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో కూడా చూడాలి. వినడానికి నవ్వులాట అనిపిస్తుంది గానీ, దీనికే సగం రోజు పోగొట్టుకునేవాళ్లున్నారు.

ట్యాంక్ మూత కూడా అంతే. మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే, పొద్దుటి నుంచి డీజిల్ లాగి లాగి ట్యాంక్‌లో వ్యాక్యూమ్ తయారవుతుంది. మూత తిప్పగానే ‘సుయ్’ మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి స్టార్ట్ అయితే రోగం అక్కడే ఉంది.

ఎయిర్ పట్టిందా అన్నది చాలామందికి వచ్చే డౌట్. మామూలు ఎయిర్ లీక్ అయితే రాత్రంతా నిలబడిన బండి పొద్దునే ఎక్కువ ఏడిపించాలి. వేడికి రబ్బరు పైపు మెత్తబడి, క్లిప్ దగ్గర వదులైతే మాత్రం మధ్యాహ్నమే బయటపడుతుంది. ఫిల్టర్‌కు, పంపుకు మధ్య కొద్దిసేపు డీజిల్‌కు తట్టుకునే పారదర్శకపు పైపు ముక్క పెడితే బుడగలు కళ్లకే కనిపిస్తాయి.

సెల్ఫ్ ఈడ్చుకుంటుంటే..

రాగి తీగ వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 30 నుంచి 90 డిగ్రీలకు వెళితే సుమారు నాలుగో వంతు పెరుగుతుంది. కొత్త సెల్ఫ్, మంచి బ్యాటరీ ఉంటే దీన్ని తట్టుకుంటాయి. బుష్‌లు అరిగి, కార్బన్ బ్రష్‌లు అయిపోవచ్చిన సెల్ఫ్ తట్టుకోదు.

కానీ సెల్ఫ్ విప్పే ముందు ఎర్త్ కేబుల్ చూడటం మర్చిపోవద్దు. మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ నెగెటివ్ పోల్ మీద, ఇంకోటి ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ దారిలో తుప్పో, వదులు బోల్టో ఉన్నట్టే. 12 వోల్టుల బ్యాటరీ పోల్స్ దగ్గర సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగిపోతుంటే బ్యాటరీని కూడా పరీక్షించాలి. ఇంజిన్ మీటర్ ఎర్ర గీత దగ్గరుండి సెల్ఫ్ బిగుసుకున్నట్టు తిరుగుతుంటే మాత్రం అది వేరే ప్రమాదం. ముందు రేడియేటర్‌లో ఇరుక్కున్న దుమ్ము, గడ్డి, నీళ్ల లెవెల్ చూసుకోవాలి. అది కూడా ఇంజిన్ చల్లారాకే మూత తెరిచి.

ఈ రెండు పనులు మాత్రం వద్దు

బండి అందుకోకపోతే ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం, స్టార్టింగ్ స్ప్రే కొట్టడం సైట్లలో మామూలైపోయింది. వేడి ఇంజిన్‌లో అది పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. రింగులు విరగొచ్చు, మంట బయటికి కొట్టొచ్చు. లేని కంప్రెషన్ సమస్యను కొనితెచ్చుకోవడమే ఇది.

రెండోది ఇంకా ఘోరం. కింద నిలబడి సెల్ఫ్ టెర్మినల్స్‌ను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం. గేర్ న్యూట్రల్‌లో లేకపోతే సెల్ఫ్ తిరగకుండా కాపాడే స్విచ్ ఉన్నా, ఇలా చేస్తే దాని పని పోతుంది. గేరులో ఉన్న బండి స్టార్ట్ అయితే, చక్రం ముందున్న మనిషికి పక్కకు తప్పుకునే టైమ్ కూడా ఉండదు. బండిని తోసి స్టార్ట్ చేద్దామన్నా టార్క్ కన్వర్టర్ ఉన్న వాటిలో కుదరదు. సెల్ఫ్‌ను కూడా ఒక్కసారికి పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో రెండు నిమిషాలు గ్యాప్ ఇవ్వాలి. లేదంటే డీజిల్ సమస్యకు సెల్ఫ్ కూడా బలవుతుంది.

పంపు షాపులో ఏం అడగాలి..?

పంపు అని తేలాక డీజిల్ పంపు రిపేర్ షాపులో టెస్ట్ బెంచ్ ఎక్కిస్తారు. అక్కడ ఓనర్ దగ్గరుండి అడగాల్సిన మాట.. “సెల్ఫ్ స్పీడ్‌లో డెలివరీ ఎంత వస్తోంది?” ఎక్కువ స్పీడ్‌లో మాత్రమే చూస్తే అరిగిన పంపు కూడా పాస్ అయిపోతుంది. చల్లటి టెస్ట్ ఆయిల్‌తో చూసినా అంతే. నిమిషానికి 100 తిప్పుల దగ్గర, ఆయిల్ వేడెక్కాక వచ్చే లెక్కే అసలు లెక్క. హెడ్, రోటర్ అరిగితే రెండూ జతగానే మార్చాలి. సీళ్ల కిట్ ఒక్కటి వేసి ఇస్తే బయటి లీకులు ఆగుతాయి తప్ప మధ్యాహ్నం కథ మారదు.

కొత్త జత వేయించాక అది మళ్లీ ఎంత కాలం నిలుస్తుందన్నది సైట్‌లో డీజిల్ పోసే పద్ధతి మీద ఉంటుంది. మూత లేని క్యాన్లు, జల్లెడ లేని గరాటు, కిరోసిన్ కలిసిన డీజిల్.. ఇవే పంపు లోపల గీతలు పెట్టేవి. వాటర్ సెపరేటర్‌లో చేరిన నీళ్లు పొద్దున స్టార్ట్ చేసే ముందు వదిలేయడానికి పట్టేది రెండు నిమిషాలే. పంపు షాపులో వంతు వచ్చేదాకా బండి తిప్పక తప్పదనుకుంటే, భోజనానికి దిగేటప్పుడు తడి గోనె ముక్క ఒకటి పంపు మీద కప్పి వెళ్లడం.. ఐడిల్‌లో గంటసేపు డీజిల్ తగలేయడం కంటే చవక.