కల్పాక్కం కరెంటు: ఖర్చెంత? క్షేమమెంత?

స్విచ్చి వేస్తే దీపం వెలగాలి, నెల తిరిగేసరికి బిల్లు భరించగలిగేలా ఉండాలి. కరెంటు గురించి మనలాంటి సంసారులు కోరుకునేది ఇంతకు మించి లేదు. 2012లో తమిళనాడులో కరెంటు కోతలు ముదిరినప్పుడు చెన్నై నగరంలో రోజుకు రెండు గంటలు, జిల్లాల్లో అంతకు ఎన్నో రెట్లు చీకటిలో గడిపిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో పురసవాక్కంలో ఇన్వర్టరు లేని ఇంటికి చుట్టాలు రావడానికే జంకేవారు. అప్పుడు అణు విద్యుత్తు వద్దన్నవారిని చూసి "ఫ్యాను తిరక్కపోతే తెలుస్తుంది" అని విసుక్కున్నవారూ ఉన్నారు, "ఫ్యాను కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటామా?" అని ఎదురు ప్రశ్నించినవారూ ఉన్నారు.

మన ఇళ్ళకు దక్షిణాన, సముద్రం ఒడ్డున, సుమారు 75 కిలోమీటర్ల దూరంలో కల్పాక్కం ఉంది. మహాబలిపురం చూడటానికి వెళ్ళినవారు ఇంకో పదిహేను కిలోమీటర్లు పోతే చేరేది అక్కడికే. ఆ కేంద్రంతో తెలుగువారికి ఉన్న బంధం తక్కువదేమీ కాదు. అక్కడి రియాక్టర్లలో మండే ఇంధనపు కడ్డీలు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సులో తయారవుతాయి. ఇలాంటి రియాక్టర్లకు కావలసిన భారజలం తయారుచేసే కర్మాగారం గోదావరి ఒడ్డున మణుగూరులో ఉంది. యురేనియం గని కడప జిల్లా తుమ్మలపల్లెలో ఉంది. కల్పాక్కం కరెంటులో ఆంధ్రకూ వాటా ఉంది. కనుక ఇది మనకు సంబంధించిన విషయమే.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా ఎవరైనా అప్పుకు వస్తే మేము అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఎంత ఖర్చవుతుంది? ఎన్నాళ్ళలో పూర్తవుతుంది? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? ఇన్సూరెన్సు ఉందా? ఆ ప్రశ్నలనే ఇక్కడ వేసి చూద్దాం.

భయం దేని గురించి?

అణు కేంద్రం అనగానే చాలామంది మనసులో మెదిలేది హిరోషిమా బాంబు. విద్యుత్ కేంద్రంలో వాడే ఇంధనం అలా పేలేది కాదు. అసలు ప్రమాదం వేడి దగ్గర ఉంది. పెనం పొయ్యి మీంచి దించినా కాసేపు చుర్రుమంటూనే ఉంటుంది కదా! రియాక్టరూ అంతే. ఆపిన క్షణంలో కూడా దాని పూర్తి వేడిలో ఆరేడు శాతం మిగిలే ఉంటుంది. పెనం నిమిషాల్లో చల్లారుతుంది, దీనికి మాత్రం రోజుల తరబడి నీళ్ళు తిప్పుతూనే ఉండాలి. నీళ్ళు తిరగడానికి పంపులు, పంపులకు కరెంటు కావాలి. కరెంటు తయారుచేసే చోటే కరెంటు కరువైతే వచ్చే ఆపద ఇది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కల్పాక్కానికి ఈ పరీక్ష ఎదురైంది. సముద్రపు నీరు పంపుహౌసులోకి చొరబడింది. మొదటి యూనిట్ మరమ్మతుల కోసం అప్పటికే ఆగి ఉంది. నడుస్తున్న రెండవ యూనిట్‌ను సిబ్బంది వెంటనే ఆపి క్షేమంగా చల్లార్చారు. కొద్ది రోజుల్లోనే అది మళ్ళీ పనిచేసింది. రియాక్టరు గట్టెక్కిందిగాని, ఉద్యోగుల కాలనీలోనూ చుట్టుపక్కల జాలరి పల్లెల్లోనూ ప్రాణాలు పోయాయి. అప్పుడే పునాది తవ్విన కొత్త రియాక్టరు గొయ్యి నీటితో నిండిపోయింది.

ఆరేళ్ళు దాటాక, 2011 మార్చి 11న, జపానులోని ఫుకుషిమాలో ఇదే పరీక్ష మరీ కఠినంగా వచ్చింది. భూకంపానికి బయటి కరెంటు పోయింది. సునామీ నీటిలో డీజిల్ జనరేటర్లు మునిగిపోయాయి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. జపాను అంతటి క్రమశిక్షణగల దేశంలో జనరేటర్లు పల్లంలో ఉండటం అనే చిన్న విషయం అంత పని చేసింది. మన దేశంలోనూ 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైను రెక్క విరిగి మంటలు లేచి, గంటల తరబడి కేంద్రమంతా అంధకారమైంది. రేడియేషన్ బయటికి రాకుండా సిబ్బంది కాపాడగలిగారు.

ఒక తల్లి ప్రశ్న

మన సభ్యులలో ఒక సోదరి ఈ మధ్య నన్ను అడిగారు: "అన్నయ్యగారూ, మా వాడికి కల్పాక్కంలో ఉద్యోగం వచ్చింది. పంపమంటారా?" ఆ తల్లి ప్రశ్నకు వట్టి ధైర్యవచనాలు చాలవు.

అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం ఉద్యోగికి ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులకు మించి, ఐదేళ్ళలో 100కు మించి రేడియేషన్ సోకకూడదు. కేంద్రం వల్ల మామూలు ప్రజలకు సోకేది ఏడాదికి 1 దాటకూడదు. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరికీ సహజంగా సోకేదే ప్రపంచ సగటున ఏడాదికి 2.4 దాకా ఉంటుంది. ఉద్యోగి ఛాతీకి తగిలించుకునే బ్యాడ్జి ఈ లెక్క రాస్తుంది.

అయితే లెక్క రాసే పరికరం ఉండవలసిన చోట ఉండాలి. 2003 జనవరి 21న కల్పాక్కంలోనే, వాడిన ఇంధనాన్ని తిరిగి శుద్ధిచేసే ప్లాంటులో ఒక వాల్వు లీకై ఆరుగురు ఉద్యోగులకు పరిమితి మించి రేడియేషన్ సోకింది. ఆ చోట ప్రమాదాన్ని ముందే పసిగట్టి హెచ్చరించే మానిటరు లేదు. అందుకే ఆమెతో అన్నాను: "నిక్షేపంగా పంపండమ్మా. కాని ప్రతి ఏడూ బ్యాడ్జి లెక్క ఎంతొచ్చిందో వాణ్ణి అడగండి. జీతం ఎంతని అడిగినట్టే ఇదీ అడగండి."

ఇక పురసవాక్కంలో ఉన్న మన సంగతి. కేంద్రం చుట్టూ 1.6 కిలోమీటర్ల లోపు నివాసాలు ఉండకూడదు. 5 కిలోమీటర్ల దాకా జనాభా పెరుగుదలపై అదుపు ఉంటుంది. 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉంటుంది. మనం ఆ గీతకు ఎంతో అవతల ఉన్నాం. అయినా గాలి గీతలు చూసి ఆగదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదం జరిగాక చుట్టుపక్కల పిల్లలకు థైరాయిడ్ కాన్సరు రావడానికి ముఖ్య కారణం కలుషితమైన గడ్డి మేసిన ఆవుల పాలు. అలాంటి రోజు రాకూడదు గాని, వస్తే పాలు, చేపలు, ఆకుకూరలు ఏవి వాడవచ్చో, ఏవి వాడకూడదో చెప్పే నాథుడెవరో మనకు ముందే తెలిసి ఉండాలి.

ఇల్లు కట్టి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. రియాక్టరు కట్టి చూస్తే ఆ రెండూ చిన్నవనిపిస్తాయి. కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరుకు 2003లో మంజూరైన అంచనా 3,492 కోట్ల రూపాయలు. 2010 నాటికి పూర్తి కావాలన్నారు. అంచనా 5,677 కోట్లకు పెరిగి, అక్కడా ఆగక ఇంకా పైకి పోయింది. అందులో కోర్ అమరిక మొదలుపెట్టడమే 2024 మార్చిలో. ఇది నీటికి బదులు ద్రవ సోడియంతో వేడిని లాగే రకం. సోడియానికి నీరూ గాలీ తగిలితే మంట. జపాను వారి మోంజు రియాక్టరులో 1995 డిసెంబరులో సోడియం లీకై నిప్పంటుకుంది. ఆ తర్వాత అది సరిగా నడిచిందే లేదు, చివరికి 2016లో మూసివేయాలని నిర్ణయించారు. కాబట్టి మనవాళ్ళు తొందరపడకుండా పరీక్షించుకోవడం మంచిదే. కాని ఆలస్యానికి వడ్డీ ఉంటుంది.

ఒక్క లెక్క చూడండి. 100 రూపాయలు నూటికి పది చక్రవడ్డీకి తెచ్చి పనిలో పెట్టాం. ఐదేళ్ళలో రాబడి మొదలైతే అప్పు 161 రూపాయలు. పదిహేనేళ్ళు పడితే 418 రూపాయలు. సిమెంటు ధర పెరగకపోయినా, ఇనుము ధర పెరగకపోయినా, వట్టి కాలమే ఖర్చును రెండున్నర రెట్లు చేసింది. అణు కేంద్రంలో ఇంధనం ఖర్చు తక్కువ, కట్టుబడి ఖర్చు ఎక్కువ. అందుకే పాత కేంద్రాల కరెంటు చవక, కొత్త కేంద్రాలది ప్రియం. అప్పు తీరిన ఇంటి అద్దెనూ కొత్తగా లోను పెట్టిన ఇంటి అద్దెనూ పోల్చకూడదు కదా!

ఇది మన దేశానికే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో వోగ్టల్ అనే చోట రెండు కొత్త రియాక్టర్లకు మొదట 14 బిలియన్ డాలర్లు అనుకున్నారు. 2023, 2024లలో అవి పనిలోకి వచ్చేసరికి ఖర్చు 30 బిలియన్లు దాటింది. వాటిని రూపొందించిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ 2017 మార్చిలో దివాలా రక్షణ కోరింది. సరిగ్గా ఆ రకం రియాక్టర్లే, 1,208 మెగావాట్లవి ఆరు, శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడకు అనుకున్నారు.

కొవ్వాడలో ఆగిన జీవితాలు

ఈ స్థలానికి 2009లో కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. సుమారు రెండు వేల ఎకరాలు కావాలన్నారు. 2025 నాటికి కూడా అక్కడ రియాక్టరుకు మొదటి కాంక్రీటు పడలేదు. ఈ పదహారేళ్ళలో అక్కడి రైతు, జాలరి ఎలా బతికారో ఆలోచించండి. సేకరణలోకి వెళ్తుందన్న భూమిని కొనేవాడు ఉండడు. ఏ బ్యాంకూ దాన్ని సంతోషంగా తాకట్టు పట్టుకోదు. పిల్ల పెళ్ళికి అమ్ముదామన్నా, పిల్లవాడి చదువుకు అప్పు తెద్దామన్నా కాగితం పనికిరాదు. ఇల్లు ఎలాగూ పోతుందని మరమ్మతు చేయించుకోరు. ఈ నష్టం ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఖర్చు కింద కనిపించదు. రేడియేషన్ రాకముందే, రియాక్టరు రాకముందే కొందరు చెల్లిస్తున్న మూల్యం ఇది. మన సభ్యులలో శ్రీకాకుళం ప్రాంతం వారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు.

నష్టం వస్తే ఎవరు?

2010 నాటి అణు నష్టపరిహార చట్టం కేంద్రాన్ని నడిపే సంస్థ బాధ్యతను 1,500 కోట్ల రూపాయలకు పరిమితం చేసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం దాని స్థానంలో వచ్చి, ప్రైవేటు కంపెనీలకూ తలుపు తెరిచింది. రియాక్టరు సైజునుబట్టి పరిమితులు పెట్టి, అతి పెద్దవాటికి 3,000 కోట్లుగా నిర్ణయించింది. ఫుకుషిమా నష్టాన్ని జపాను ప్రభుత్వం 2016లో అంచనా వేసింది 21.5 లక్షల కోట్ల యెన్లు. ఆనాటి మారకంలో సుమారు 13 లక్షల కోట్ల రూపాయలు. మన పరిమితికి కొన్ని వందల రెట్లు! మిగతాది ఎవరు భరించాలి? కొంతవరకు ప్రభుత్వం, అంటే మన పన్నుల సొమ్ము. ఆ తర్వాత బాధితుడే. నమ్మకం లేకపోతే మీ ఇంటి బీమా పాలసీ తీసి మినహాయింపుల పేజీ చదవండి. అణు ప్రమాదం అందులో తప్పక కనిపిస్తుంది.

ఇంకొక పద్దు ఉంది. కేంద్రానికి కాలం చెల్లాక దాన్ని విప్పి శుద్ధి చేయడానికి యూనిట్‌కు 2 పైసలు చొప్పున వసూలు చేస్తూ వచ్చారు. ఆ సొమ్ము సరిపోతుందా అని 2012లో కాగ్ ప్రశ్నించింది. కల్పాక్కం మొదటి యూనిట్ 1984లో పుట్టింది. 2018 జనవరిలో ఆగి, ఏళ్ళ తరబడి తిరగలేదు. విప్పే రోజు ఎప్పటికైనా రాక తప్పదు. ఆ ఖర్చు మన మనవల నెత్తిన పడకూడదు.

ఏం చేద్దాం?

ఇంత చెప్పి అణు కేంద్రాలన్నీ మూసేయమనడం నా ఉద్దేశం కాదు. ఎన్నూరు వైపు వెళ్ళి థర్మల్ కేంద్రాల బూడిద అక్కడి వాగును ఏం చేసిందో చూసినవారికి బొగ్గు కరెంటు కూడా ఉచితం కాదని అర్థమవుతుంది. ఎండ కరెంటు ధర 2017లోనే యూనిట్‌కు మూడు రూపాయల లోపుకు దిగివచ్చింది, కాని రాత్రికి దాచుకునే ఖర్చు వేరే ఉంది. ప్రతి దీపానికీ ఎక్కడో ఒకచోట నీడ ఉంది.

మనం అడగవలసింది లెక్క. ప్రతి కేంద్రం అసలు అంచనా, పెరిగిన అంచనా, ఆలస్యానికి కారణం ఏటా ప్రకటించమందాం. అత్యవసర విన్యాసాల ఫలితాలు స్థానిక భాషలలో జనానికి చెప్పమందాం. కొవ్వాడ భూములపై ఏదో ఒకటి తేల్చి, తీసుకుంటే తగిన డబ్బు, లేకుంటే కాగితం తిరిగి ఇమ్మని అడుగుదాం. కల్పాక్కంలో పనిచేసే మన పిల్లలు లోపం చూసినప్పుడు నోరు విప్పితే ఉద్యోగానికి ముప్పు రాకూడదని కోరుదాం. నరోరాలోనైనా, సునామీ నాటి కల్పాక్కంలోనైనా ఆదుకున్నది సమయానికి చేయవలసింది చేసిన మామూలు ఉద్యోగులే.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఇక్కడ చక్కబెట్టుకోవలసింది ఆ దీపం లెక్కనే.