రెండు తెరల నడుమ ఒక స్వప్నము

ఆదర్శమును చిత్రించుట సులభము. అది చెదరిన తీరును చూపుట కష్టము. నళినీ మలానీ దృశ్యరచన ‘యుటోపియా’లో ఈ రెండును ప్రక్కప్రక్కనే కానవచ్చును.

కరాచీలో 1946లో జన్మించిన ఈ చిత్రకారిణి, 1969లో బొంబాయిలో అక్బర్ పదంసీ నెలకొల్పిన కార్యశాలలో, ఇండ్ల నమూనా నొకదానిని బొమ్మ వెంట బొమ్మగా కెమెరా కెక్కించి రంగుల చిత్రము నిర్మించిరి. స్వతంత్ర భారతమున సామాన్యునికి సైతము చక్కని గూడు లభించునన్న నమ్మిక యది.

1976లో దానికి జోడుగా నలుపు తెలుపుల చిత్రము నొకటి చేర్చిరి. అందొక యువతి నగరమును నిరాశతో చూచుచుండును. నాటికి దేశము అత్యవసర పరిస్థితిలో నుండెను.

మొదటి తెరను ఆమె తొలగింపలేదు. రంగుల కల ఎదుట నున్నందుననే ఆ యువతి చూపు మనలను ప్రశ్నించుచున్నది: ఆ యిండ్లు ఎవరికి దక్కినవి?