పాత వించెస్టర్‌ను వేలానికి పెడితే చేతికి ఎంతొస్తుంది?

2016లో అమెరికాలోని రాక్ ఐలాండ్ వేలం సంస్థలో ఒక పాత రైఫిల్ 12 లక్షల 65 వేల డాలర్లు పలికింది. అప్పటి మారకం రేటులో ఎనిమిది కోట్ల రూపాయలకు పైమాటే. అది వించెస్టర్ 1886 మోడల్, సీరియల్ నంబరు 1. అపాచీ నాయకుడు జెరోనిమోను వెంటాడిన కెప్టెన్ హెన్రీ లాటన్‌ది. ఇలాంటి వార్త చదివాక, అమెరికాలో స్థిరపడి అక్కడివాళ్లతో వియ్యమందిన మన కుటుంబాల్లో ఎవరికైనా అత్తవారి తాత రైఫిల్ దక్కి ఉంటే, అదీ ఎంతో కొంత పలుకుతుందని ఆశ పుడుతుంది. పలకవచ్చు కూడా. కానీ పలికిన ధర వేరు, అమ్మినవారి చేతికొచ్చే సొమ్ము వేరు.

ముందు వస్తువు సంగతి. ట్రిగ్గర్ చుట్టూ వేళ్లు దూర్చే ఇనుప వలయం ఉంటుంది. దాన్ని కిందికి లాగి మళ్లీ పైకి బిగిస్తే కాలిన తూటా గుల్ల బయటపడి, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. లివర్ యాక్షన్ అంటే ఇదే. 1860ల నాటి హెన్రీ రైఫిల్, ఆ తర్వాత కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో తయారైన వించెస్టర్లు ఈ కోవలో పేరుపడ్డవి.

పాతదైతే అరుదైనదేనా? కాదు. వించెస్టర్ 1894 మోడల్ 70 లక్షలకు పైగా తయారైంది. 1873 మోడల్ సుమారు 7 లక్షల 20 వేలు. హెన్రీ రైఫిళ్లు మాత్రం దాదాపు 14 వేలే. ఇక 1873 మోడల్‌లోనే ‘వన్ ఆఫ్ వన్ థౌజండ్’ అనే ప్రత్యేక రకం ఉంది. గురి పరీక్షలో మేలుగా తేలిన గొట్టాలను ఏరి, మెరుగుపెట్టి, వంద డాలర్లకు అమ్మేవారు. పేరు వెయ్యికి ఒకటని చెబుతుంది గానీ, తయారైనవి 130కి కాస్త అటూ ఇటూ. అంటే అయిదు వేల నాలుగు వందలకు ఒకటి. ఓ మోస్తరు పెద్ద పల్లె జనాభాలో ఒక్క మనిషన్నమాట. కాబట్టి ‘1873 మోడల్’ అన్నంత మాత్రాన ధర తేలదు. ఆ ఏడు లక్షల్లో మీది ఏదన్నదే ప్రశ్న.

దానికి జవాబు కాగితంలో దొరుకుతుంది. వయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలోని ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం వించెస్టర్ కంపెనీ చేతిరాత చిట్టాలను భద్రపరిచింది. సీరియల్ నంబరు ఇచ్చి రుసుము కడితే ఫ్యాక్టరీ లెటర్ పంపుతారు. అది రైఫిల్‌కు జన్మపత్రం లాంటిది. తూటా కొలత, గొట్టం గుండ్రమా ఎనిమిది పలకలా, గిడ్డంగికి ఎప్పుడు చేరింది, ఎప్పుడు బయటికి వెళ్లింది వంటివన్నీ అందులో ఉంటాయి. 1873 మోడల్‌కు దాదాపు అన్ని నంబర్ల చిట్టాలూ ఉన్నాయి. 1894 మోడల్‌కు సుమారు 3 లక్షల 54 వేల వరకే. ఈ లెటర్ లేకుండా ఖరీదైన వించెస్టర్‌ను వేలానికి పెట్టవద్దనే నా సలహా. రైఫిల్‌కు, చిట్టాకు పొంతన కుదిరితే పాటదారులకు ధైర్యం వస్తుంది. కుదరకపోతే ఆ సంగతి వేలానికి ముందే మీకు తెలుస్తుంది.

పొంతన మీరూ కొంత చూసుకోవచ్చు. ఉదాహరణకు, గుడ్డు ఆకారంలో డబ్ల్యు, పి అక్షరాలున్న పరీక్ష ముద్రను వించెస్టర్ 1905లో మొదలుపెట్టింది. 1880ల నాటి రైఫిల్ మీద అది కనిపిస్తే, గొట్టం తర్వాత మార్చారేమో అని అనుమానించాలి.

మరి తుప్పు తుడిచి, కొత్తగా నల్లపూత వేయిస్తే ధర పెరగదా? దయచేసి ఆ పని చేయించకండి. సేకర్తలు కొనేది ఫ్యాక్టరీలో పడిన మొదటి పూతను. అది ఎంత శాతం మిగిలిందన్న దాన్నిబట్టే విలువ కడతారు. నూరేళ్లలో తేలిన గోధుమరంగు ఛాయను గీకేస్తే పోయిన విలువను ఎవరూ తిరిగి తేలేరు. మెత్తటి గుడ్డ, కొద్దిగా నూనె చాలు.

చట్టం దగ్గర 1898 అనే అంకెను గుర్తుంచుకోండి. ఆ ఏడాది లేదా అంతకు ముందు తయారైనది అమెరికా కేంద్ర చట్టం ప్రకారం ‘యాంటిక్’, అంటే ప్రాచీన వస్తువు. దానికి మామూలు తుపాకీ నిబంధనలు వర్తించవు. చూడవలసింది మోడల్ పేరులోని సంవత్సరం కాదు, ఆ రైఫిల్ తయారైన సంవత్సరం. 1894 మోడల్‌దే అయినా 1905లో తయారైతే యాంటిక్ కాదు. అలాంటిదాన్ని వేరే రాష్ట్రంలోని కొనుగోలుదారుకు నేరుగా పంపకూడదు. అక్కడి లైసెన్సు ఉన్న డీలరుకు పంపాలి, కొన్నవారు అక్కడ ఫారం నింపి, నేరచరిత్ర తనిఖీ పూర్తయ్యాక తీసుకోవాలి. హెచ్‌-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు మరో మాట వినాలి. వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, యాంటిక్ కాని తుపాకీ వారి దగ్గర ఉండటమే కేంద్ర చట్టం ప్రకారం నేరం. రాష్ట్రాల చట్టాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. కాబట్టి ముట్టుకునే ముందే వకీలును అడగాలి. లైసెన్సు లేకుండా ఇండియాకు తెచ్చుకోవాలన్న ఆలోచన అసలే వద్దు.

ఇప్పుడు డబ్బు. వేలంపాట ఆగిన చోటి ధరను హామర్ ప్రైస్ అంటారు. దాని మీద కొన్నవారి నుంచి ‘బయ్యర్స్ ప్రీమియం’, అమ్మినవారి నుంచి కమీషన్ వేలం సంస్థకు వెళతాయి. రేట్లు సంస్థను బట్టి మారతాయి. లెక్క కోసం ప్రీమియం 18 శాతం, కమీషన్ 15 శాతం అనుకుందాం. పాట 20,000 డాలర్ల దగ్గర ఆగితే కొన్నవారు 23,600 కడతారు, మీకు 17,000 వస్తాయి. కొన్నవారు తీసే ప్రతి వంద డాలర్లలో మీకు చేరేది 72. పత్రికల్లో వచ్చే ధరలో సాధారణంగా ఈ ప్రీమియం కలిసే ఉంటుంది. మొదట చెప్పిన 12.65 లక్షలూ అలాంటి అంకే. అయితే వస్తువు నిజంగా అరుదైనదైతే సంస్థలు కమీషన్ తగ్గిస్తాయి, కొన్నిసార్లు పూర్తిగా వదులుకుంటాయి. సంతకం పెట్టే ముందే బేరమాడండి.

పన్ను మాటేమిటి? ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మిన సేకరణ వస్తువుల లాభంపై కేంద్ర పన్ను గరిష్ఠంగా 28 శాతం. ఆ లాభం ఎంతన్నది రైఫిల్ మీకెలా వచ్చిందన్న దానిపై ఆధారపడుతుంది. తాతగారు 300 డాలర్లకు కొన్నారనుకోండి. ఆయన పోయాక వారసత్వంగా వస్తే, ఆయన మరణించిన నాటి విలువనే మీ కొన్న ధరగా లెక్కిస్తారు. అది 15,000 అయితే, చేతికొచ్చిన 17,000లో లాభం 2,000. పన్ను 560కి మించదు. అదే రైఫిల్‌ను ఆయన బతికుండగా కానుకగా ఇచ్చి ఉంటే పాత 300 డాలర్లే మీ ధర. లాభం 16,700, పన్ను 4,676 వరకు పోవచ్చు. తుపాకీ అదే, పాట అదే, తేడా నాలుగు వేల డాలర్ల పైన. అందుకే మరణించిన నాటి విలువపై నిపుణుడి మదింపు పత్రం రాయించి దాచుకోవాలి.

వేలం సంస్థ లేకుండా ఆన్‌లైన్‌లో మీరే అమ్మలేరా? అమ్మవచ్చు. ఈబే 1999లోనే తుపాకుల అమ్మకం ఆపేసింది. అదే ఏడాది మొదలైన గన్‌బ్రోకర్ వంటి సైట్లు ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి. రుసుము చాలా తక్కువ. బదులుగా ఫొటోలు, ప్రశ్నలకు జవాబులు, పంపే బాధ్యత అన్నీ మీవే. మామూలు 1894 మోడల్‌కు ఈ దారి చాలు. కథ, కాగితం రెండూ ఉన్న రైఫిల్‌ను మాత్రం పేరున్న సంస్థకే అప్పగించమంటాను, ఎందుకంటే పెద్ద సేకర్తలు చూసేది ఆ కేటలాగులనే.

సొంతంగా పెట్టేవారు రిజర్వ్ ధర, అంటే అంతకన్నా తక్కువకు ఇవ్వనవసరం లేని ధర, ముందే నిర్ణయించుకోవాలి. గన్‌బ్రోకర్‌లో చివరి 15 నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మరో 15 నిమిషాలు పొడిగిస్తారు కాబట్టి ఆఖరి క్షణంలో ఎవరో తన్నుకుపోతారన్న భయం లేదు. ఫొటోల్లో సీరియల్ నంబరు, గొట్టం లోపలి భాగం, స్క్రూల గాళ్లు, గీతలు, పగుళ్లు అన్నీ చూపండి. చాలామంది కొనుగోలుదారులు మూడు రోజుల పరిశీలన గడువు అడుగుతారు. దాచిన లోపం అప్పుడు బయటపడి రైఫిల్ వెనక్కి వస్తే, రానూపోనూ ఖర్చు మీ మీదే పడవచ్చు.