బడిపంతులు తీర్చిన జట్టు: ఐదు రోవర్స్ కప్పుల కథ

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థులకు బ్రెజిల్, అర్జెంటీనా దేశములు జ్ఞప్తికి వచ్చును. ఆ దేశాల ఆటగాండ్ర పేర్లు గడగడ వల్లించగలవారు మనలో చాలమంది కలరు. కాని మన హైదరాబాదు జట్టు ఒకప్పుడు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నదని ఎరిగినవారు అరుదు. వీపనగండ్ల వంటి పల్లెపట్టున ఉన్న మనకు ఈ సంగతి తెలియకపోవుటలో వింత లేదు. హైదరాబాదు నగరవాసులలోనే ఎందరికో తెలియదు. ఆ విజయపరంపర ఎట్లు సాధ్యమైనదో ఈ వ్యాసములో వివరింపదలచినాము.

రోవర్స్ కప్పు 1891లో మొదలైనది. డ్యూరాండ్ కప్పు అంతకు మూడేండ్ల ముందే, 1888లో, సిమ్లాలో పుట్టినది. రెండును ఆంగ్లేయ పటాలముల వినోదార్థము వెలసినవే. తొలినాళ్ళలో గెలుపొందినవి తెల్లదొరల సైనిక జట్లే. లీగు పద్ధతిలో అయితే నేటి ఓటమిని రేపటి గెలుపుతో పూడ్చుకొనవచ్చును. ఈ పోటీలలో ఓడిన జట్టు ఇంటిదారి పట్టవలసినదే. వెనుకవరుసలో ఒక్కని ఏమరుపాటు చాలు, ఏడాది శ్రమ మట్టిపాలగును. అటువంటి కప్పును ఐదేండ్లు వరుసగా గెలుచుట కేవలము అదృష్టబలముచేత జరుగునది కాదు. రోవర్స్ చరిత్రలో మరి ఏ జట్టుకును ఆ ఘనత దక్కలేదు.

ఇందులో 1950వ సంవత్సరమును ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. 1940 తరువాత నిలిచిపోయిన డ్యూరాండ్ కప్పును ఆ యేడే తిరిగి ప్రారంభించినారు. మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి దానిని కూడ చేజిక్కించుకొన్నది. హైదరాబాదు రాజ్యము భారత యూనియనులో కలిసి అప్పటికి రెండేండ్లు. మన వీపనగండ్ల సీమయు ఆ రాజ్యములోనిదే. 1948 నాటి కల్లోలము ప్రజల మనసులలో ఇంకను చల్లారలేదు. అట్టి వేళ ఆ నగరము పేరు దేశమంతట ఆటల విషయమై మారుమ్రోగినది.

జట్టు పోలీసులది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మాత్రము బడిపంతులు. 1909లో హైదరాబాదున జన్మించిన రహీం సాహెబు, ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొన్నారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పాఠములు చెప్పినారు. పిదప వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటల బాధ్యత చేపట్టినారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా, 1950 నుండి పోలీసు జట్టుకు శిక్షకులుగా, 1963లో కన్నుమూయువరకు పనిచేసినారు.

ఆయన పద్ధతిలో రెండు విషయములు గమనింపదగినవి. బంతిని పాదమునొద్దనే ఉంచుకొని, ఎదుటివారిని ఏమార్చుచు ఒంటరిగా చొచ్చుకొనిపోవుటను డ్రిబ్లింగ్ అందురు. ప్రేక్షకుల చప్పట్లన్నియు దానికే. రహీం సాహెబు డ్రిబ్లింగే నిషిద్ధమైన పోటీలు నడిపించినారు. బంతి అందిన వెంటనే తోటివానికి అందించవలెను. దీనివలన జరిగినదేమి? మనిషికంటె బంతి వేగముగా పరుగిడును. బంతి లేని పదిమందియు ఖాళీచోటు వెదకుకొనుచు కదలక తప్పదు. క్రమముగా ఆట ఒక్కని చేతిలోనుండి పదకొండుమంది చేతిలోనికి వచ్చును. (చేతిలోనికి అనుట ఫుట్‌బాల్ విషయములో కొంత విడ్డూరమే!)

రెండవది, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు. కుడికాలి వాటము గలవాడు ఎటు తిరుగునో ఎదుటి రక్షకుడు ముందే పసిగట్టును. రెండు కాళ్ళును సమముగా పనిచేసినచో ఆ ఊహ తారుమారగును. లెక్కలలో వెనుకబడిన పిల్లవానిచేత లెక్కలే మరిమరి చేయించు పంతులుగారి బుద్ధి ఇందులో కనబడుచున్నది. వచ్చిన విద్యను ప్రదర్శించుట ఎవరికైనను ఇష్టమే, రానిదానిని పదిమందిలో అభ్యసించుట కష్టము. ఆ కష్టమును ఆయన పోటీగా మార్చి, సిగ్గును పోగొట్టినారు. మా దృష్టిలో ఆ కప్పులకు మూలము ఇదే.

ఇంకొక కారణమును విస్మరింపరాదు. జట్టులోనివారికి పోలీసు శాఖలో కొలువు, నెల జీతము ఉండెను. సాధనకు తీరిక దొరకుటకు అదియే ఆధారము.

ఈ శిక్షణ నగరమునకే పరిమితము కాలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0 తో ఓడించి స్వర్ణము గెలిచిన భారత జట్టుకు రహీం సాహెబే శిక్షకులు. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సులో, పలువురు ఉత్తకాళ్ళతో ఆడగా, యుగోస్లావియా చేతిలో 10-1 తో పరాభవము పొందినదియు ఆయన జట్టే. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతదేశము నాలుగవ స్థానము పొందినది. నూర్ మహమ్మదు, అజీజుద్దీన్, అమ్ముగూడ వాసి తులసీదాస్ బలరాం ఆ జట్టులోని మనవారు. 1956, 1957 సంతోష్ ట్రోఫీలు కూడ హైదరాబాదునకే దక్కినవి. 1962లో జకార్తా ఆసియా క్రీడల తుదిపోటీలో దక్షిణ కొరియాపై 2-1 తో గెలిచి మరల స్వర్ణము తెచ్చినారు. మరుసటి జూన్‌లో క్యాన్సరు వ్యాధితో రహీం సాహెబు మరణించినారు. ఆయన జీవితముపై హిందీ చలనచిత్రము ‘మైదాన్’ రావలెనన్న 2024 దాక ఆగవలసివచ్చినది.

ఆ వైభవము ఎందుకు తరిగిపోయినది? పెద్దసంఘములు, ధనము, వేలకొలది అభిమానులు కలకత్తాలో ఉండిరి. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినారు. తరువాతి తరములో నయీముద్దీన్, హబీబు వంటివారు అదే దారి పట్టినారు. 1970 ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన భారత జట్టుకు నాయకుడు నయీముద్దీనే. ఆటగాండ్రను తయారుచేసినది మన నగరము, వారి ఆట చూచి మురిసినది వంగదేశము. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది. పిమ్మట ఆ ట్రోఫీ మనవైపునకు రాలేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచి ఆశలు రేపినది గాని, 2025లో ఆ సంఘము ఢిల్లీకి తరలిపోయినది.