ఏసీ మెకానిక్‌కు లైసెన్సు ఎవరిస్తారు?

* ఒకే కార్యాలయంలో దొరికే పత్రం కాదు
* చదువు, దుకాణం, కరెంటు.. దేని అనుమతి దానిదే
* మండే గ్యాస్‌లు వచ్చాక అనుభవం ఒక్కటే చాలదు

రుద్రవరం: మార్చి దాటిందంటే నల్లమల అంచున ఉన్న ఈ మండలంలో ఎండలు మండిపోతాయి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ ఏటా ఉన్నదే. ఒకప్పుడు పట్టణాలకే పరిమితమైన ఏసీలు ఇప్పుడు పల్లెల్లోని మిద్దెలకూ చేరాయి. కిరాణా కొట్టులో శీతల పానీయాల ఫ్రిజ్, మందుల దుకాణంలో ఇన్సులిన్ దాచే ఫ్రిజ్, పాల కేంద్రంలో చల్లబరిచే ట్యాంకు.. వీటిలో ఏది మొరాయించినా మెకానిక్ రావలసిందే. ఈ పని నేర్చుకొని సొంత ఊళ్లోనే దుకాణం పెట్టుకోవాలనుకునే యువకులకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. లైసెన్సు ఎవరిస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో ‘ఏసీ మెకానిక్ లైసెన్సు’ పేరుతో అన్నింటికీ సరిపోయే ఒకే పత్రం లేదు. పని వచ్చునని చెప్పే పత్రం ఒకచోట, దుకాణం తెరిచేందుకు అనుమతి మరోచోట, కరెంటు పనికి పర్మిట్ ఇంకోచోట తీసుకోవాలి. ఈ సంగతి తెలియకనే కొందరు అసలేమీ అక్కరలేదని ఊరుకుంటారు. మరికొందరు ‘అన్నీ మేమే ఇప్పిస్తాం’ అనే మధ్యవర్తుల చేతిలో డబ్బు పోస్తారు. రెండూ నష్టమే.

ఉదాహరణకు పదో తరగతి తర్వాత నంద్యాలలోని ఒక దుకాణంలో ఐదేళ్లు పనిచేసిన యువకుడు రుద్రవరంలో సొంతంగా దుకాణం తెరవాలనుకున్నాడనుకుందాం. కంప్రెషర్ మార్చడం, గ్యాస్ ఎక్కించడం అతనికి కొట్టినపిండి. అయినా బ్యాంకుకు రుణం కోసం వెళ్లినా, ఏదైనా కంపెనీ సర్వీసు కేంద్రంలో చేరదామన్నా, కార్యాలయాల వార్షిక నిర్వహణ కాంట్రాక్టుకు ధర వేసినా ముందుగా అడిగేది కాగితమే. అలాంటి వారు ఏయే పత్రాలు, ఎక్కడ, ఎందుకు తీసుకోవాలో చూద్దాం.

పునాది ఐటీఐ పత్రమే

ఈ వృత్తికి దేశమంతటా చెల్లే పత్రం జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ పరిధిలోని ఐటీఐలలో ‘రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్’ ట్రేడ్ చదివి, అఖిల భారత పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి దీనిని ఇస్తారు. పదో తరగతి పాసైన వారు అర్హులు. కోర్సు కాలం రెండేళ్లు. పాతకాలపు పత్రాలపై ఇదే ట్రేడ్ ‘మెకానిక్ రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్’ అన్న పేరుతో కనిపిస్తుంది.

ఈ ట్రేడ్ అన్ని ఐటీఐలలోనూ ఉండదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ సీట్లు ఉన్నంత విరివిగా ఈ సీట్లు దొరకవు. అందువల్ల ప్రవేశాల ప్రకటన వెలువడగానే జిల్లాలోని ఏ సంస్థలో ఈ ట్రేడ్ ఉందో, దానికి గుర్తింపు ఉందో లేదో చూసుకొని దరఖాస్తు చేయాలి. గుర్తింపు లేని సంస్థలో ఫీజు కట్టి రెండేళ్లు చదివినా చేతికి వచ్చే కాగితానికి విలువ ఉండదు.

ఐటీఐ పూర్తయిన వారు 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఏదైనా పరిశ్రమలో అప్రెంటిస్‌గా చేరవచ్చు. ఆ కాలంలో స్టైపెండ్ లభిస్తుంది. పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ కూడా చేతికి వస్తుంది. ఉద్యోగాల ఎంపికలో ఈ రెండో పత్రానికి విలువ ఎక్కువ.

పని వచ్చు.. పత్రం లేదు

పైన చెప్పుకున్న యువకుని వంటి వారు మళ్లీ రెండేళ్లు తరగతి గదిలో కూర్చోవడం కష్టం. ఇలాంటి వారి కోసమే ‘పూర్వ అనుభవ గుర్తింపు’ విధానం ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. ఇప్పటికే పని తెలిసిన వారికి కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, పరీక్షించి, నైపుణ్య పత్రం ఇస్తారు. ఏసీ సర్వీసు పని ఈ పథకం గుర్తించిన వృత్తులలో ఉంది. అయితే శిక్షణ బృందాలు ఎప్పుడూ ఉండవు. కేంద్రం నుంచి లక్ష్యాలు కేటాయించినప్పుడే నడుస్తాయి. జిల్లా నైపుణ్యాభివృద్ధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకొని కనిపెట్టుకొని ఉండాలి.

ఈ పత్రం ఐటీఐ సర్టిఫికెట్‌కు సమానం కాదన్న విషయం గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలో ఐటీఐ అని ఉంటే ఐటీఐ పత్రమే చూపాలి. కానీ ప్రైవేటు సర్వీసు కేంద్రాల్లో చేరేందుకు, ఖాతాదారునికి నమ్మకం కలిగించేందుకు ఇది ఉపయోగపడుతుంది.

దుకాణం ఎక్కడుంటే అక్కడి అనుమతి

మామూలుగా ‘ట్రేడ్ లైసెన్సు’ అనేది దుకాణానికి సంబంధించింది. అది మెకానిక్ పనితనానికి ఇచ్చే యోగ్యతా పత్రం కాదు. రుద్రవరంలో దుకాణం పెడితే గ్రామ పంచాయతీని ఆశ్రయించాలి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద కొన్ని రకాల వ్యాపారాలకు, యంత్రాల ఏర్పాటుకు పంచాయతీ అనుమతి అవసరం. అదే యువకుడు ఆళ్లగడ్డలో గది అద్దెకు తీసుకుంటే పురపాలక సంఘం లైసెన్సు తీసుకోవాలి. ఒకచోట తీసుకున్న లైసెన్సు మరోచోట చెల్లదు.

సాధారణంగా ఆధార్, గది అద్దె ఒప్పందం లేదా ఇంటిపన్ను రసీదు, ఫొటోలు సిద్ధం చేసుకోవాలి. రుసుము దుకాణం విస్తీర్ణాన్ని, వ్యాపారాన్ని బట్టి మారుతుంది. గడువు ముగియక ముందే పునరుద్ధరించుకోవాలి. చెల్లించిన ప్రతి రూపాయికీ రసీదు అడిగి తీసుకోవాలి.

దీనికి తోడు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. దాని ప్రకారం కార్మిక శాఖ వద్ద నమోదు సంగతి చూసుకోవాలి. పనిచేసే వారి సంఖ్యను బట్టి నిబంధనలు మారుతుంటాయి కనుక సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో ముందుగా విచారించడం మేలు.

సూక్ష్మ పరిశ్రమగా గుర్తింపు కోసం ‘ఉద్యమ్’ నమోదు 2020 జులై 1 నుంచి అమలులో ఉంది. ఆధార్, పాన్ ఆధారంగా ఇంటర్నెట్‌లో ఎవరికి వారే చేసుకోవచ్చు. దీనికి ప్రభుత్వం ఎలాంటి రుసుమూ వసూలు చేయదు. సేవలందించే వారి వార్షిక టర్నోవరు రూ.20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి. పల్లెలో కొత్తగా తెరిచిన దుకాణానికి మొదట్లో ఆ అవసరం రాకపోవచ్చు. కార్యాలయాల కాంట్రాక్టులు ఆశించేవారు మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

మీటరు నుంచి ఏసీ దాకా

ఇండోర్, ఔట్‌డోర్ యూనిట్లు బిగించడం మెకానిక్ పని. మీటరు నుంచి కొత్త తీగ లాగడం, ఎంసీబీ అమర్చడం, ఎర్తింగ్ వేయడం వైరింగ్ పని కిందికి వస్తాయి. ఈ పనులను లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత చేయించాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఏసీ ట్రేడ్ సర్టిఫికెట్ వైర్‌మన్ పర్మిట్‌కు బదులు కాదు. కాబట్టి మెకానిక్ ఆ పర్మిట్ తానే పొందాలి. లేదా పర్మిట్ ఉన్న వ్యక్తిని తోడు తీసుకెళ్లాలి.

ఒకటిన్నర టన్నుల ఏసీ దాదాపు ఒకటిన్నర కిలోవాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఒక కిలోవాట్ లోడు మాత్రమే మంజూరైన ఇంటికి దానిని బిగిస్తే సర్వీసు తీగ వేడెక్కుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి అదనపు లోడు పొందమని యజమానికి ముందే చెప్పడం మెకానిక్ బాధ్యత. చెప్పకుండా బిగించి వచ్చాక తీగ కాలిపోతే నింద మొదట పడేది అతని మీదే.

గ్యాస్ మారింది.. ప్రమాదమూ మారింది

పత్రాల సంగతి అలా ఉంచితే, ఈ వృత్తిలో ప్రాణంతో ముడిపడిన విషయం గ్యాస్. పాత ఏసీలలో వాడిన ఆర్-22 మండే గుణం లేనిది. కానీ అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం 1992లో చేరింది. ఓజోన్‌ను దెబ్బతీసే పదార్థాల నియంత్రణకు 2000లో నిబంధనలు తెచ్చింది. కొత్త యంత్రాల తయారీలో ఆర్-22 జాతి గ్యాస్‌ల వాడకం 2024 డిసెంబరు 31తో ముగిసింది. పాత ఏసీల మరమ్మతుకు మాత్రం ఇంకొంత కాలం దొరుకుతుంది. 2030 నాటికి అదీ దాదాపు కనుమరుగవుతుంది.

ఇప్పుడు ఇళ్లకు వచ్చే ఏసీలలో ఎక్కువగా కనిపించేది ఆర్-32. ఇది ఓజోన్‌కు హాని చేయదు కానీ కొద్దిగా మండే స్వభావం ఉంది. కొన్ని ఏసీలలో వాడే ఆర్-290 అంటే ప్రొపేన్. కొత్త ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఏ అంటే ఐసోబ్యూటేన్. ఈ రెండూ వంటగ్యాస్ కుటుంబానికి చెందినవి. నిప్పు తగిలితే భగ్గుమంటాయి. ఆర్-22తో పదేళ్లు పనిచేసిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు సరికదా, ఒక్కోసారి ఆ అలవాటే ప్రమాదం తెస్తుంది.

గొట్టంలో గ్యాస్ మిగిలి ఉండగానే టార్చి వెలిగించి బ్రేజింగ్ చేయరాదు. లీకు పరీక్షకు పొడి నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెషర్‌లోని నూనెతో కలిసి పేలుతుంది. ఆర్-32 పీడనం ఆర్-22 కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. అందువల్ల పాత గేజ్‌లు, పాత గొట్టాలు పనికిరావు. గ్యాస్ వదిలి గాలిని బయటికి నెట్టే పాత పద్ధతి మాని వాక్యూమ్ పంపు వాడాలి. ఆర్-22 ఏసీలో వంటగ్యాస్‌ను గానీ ప్రొపేన్‌ను గానీ నింపరాదు. ఆ యంత్రాన్ని మండే గ్యాస్ కోసం తయారు చేయలేదు. ఒకసారి వాడి పారేయవలసిన సిలిండర్‌ను మళ్లీ నింపరాదు. కరెంటు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది. దానిని ఖాళీ చేయకుండా చేయి పెడితే షాక్ తప్పదు.

అమెరికాలో పరీక్ష పాసై ధ్రువపత్రం పొందిన వారే గ్యాస్‌తో కూడిన మరమ్మతులు చేయాలన్న నిబంధన 1994 నుంచి అమలులో ఉంది. ఐరోపా దేశాల్లోనూ ఇలాంటి ధ్రువపత్రం తప్పనిసరి. మన దేశంలో 2019 మార్చిలో విడుదలైన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువపత్రాల అవసరాన్ని గుర్తించి, లక్ష మందిని లక్ష్యంగా పెట్టుకుంది. రేపు గల్ఫ్‌కో మరో దేశానికో పనికి వెళ్లాలనుకునే వారికీ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ ఉంటే మెకానిక్ హోదా దక్కే అవకాశం ఉంటుంది. లేకుంటే హెల్పరుగానే మిగిలిపోవలసి రావచ్చు.

పెట్టుబడికి దారి

వాక్యూమ్ పంపు, గేజ్‌లు, బ్రేజింగ్ సెట్టు, నైట్రోజన్ సిలిండర్, లీకు డిటెక్టర్ కొనడానికి చేతి సొమ్ము చాలనివారు ముద్రా రుణానికి బ్యాంకును సంప్రదించవచ్చు. శిశు విభాగంలో రూ.50 వేల వరకు, కిశోర్‌లో రూ.5 లక్షల వరకు, తరుణ్‌లో రూ.10 లక్షల వరకు పూచీకత్తు ఆస్తి లేకుండా ఇస్తారు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 18 సంప్రదాయ వృత్తులకే పరిమితం. ఏసీ మెకానిక్ పని అందులో లేదు. ఆ పథకం కింద రుణం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

ఏది ముందు.. ఏది తర్వాత

కొత్తగా పని నేర్చుకునేవారు ఐటీఐతో మొదలుపెట్టాలి. అనుభవం ఉన్నవారు నైపుణ్య పత్రానికి నమోదు చేసుకోవాలి. తర్వాత గది ఖాయం చేసుకొని పంచాయతీ లేదా పురపాలక సంఘం అనుమతి, ఉద్యమ్ నమోదు, కార్మిక శాఖ నమోదు, ఆపైన బ్యాంకు రుణం.. ఈ వరుసలో వెళితే ఒక కార్యాలయం అడిగే కాగితం ముందు కార్యాలయంలోనే దొరికి ఉంటుంది. దుకాణం తెరిచాక ప్రతి పనికీ బిల్లు ఇవ్వడం అలవాటు చేసుకోవాలి. ఏ గ్యాస్, ఎంత బరువు ఎక్కించారో ఆ బిల్లు మీదే రాయాలి.

ఖాతాదారులకూ ఇందులో పాత్ర ఉంది. తక్కువ ధరకు గ్యాస్ ఎక్కిస్తామన్న వారిని పిలిచే ముందు ఆ ఏసీలో ఏ గ్యాస్ ఉందో యంత్రం మీది పట్టీలో చూడాలి. అదే గ్యాస్ తెచ్చారా, వాక్యూమ్ పంపు తెచ్చారా అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పలేని వారి చేతికి పిల్లలు పడుకునే గదిలోని యంత్రాన్ని అప్పగించరాదు.