పచ్చలైటు ఎప్పుడు వెలగాలి?

ఒక సిగ్నల్ దాటామో లేదో, తర్వాతిది ఎర్రగా ఎదురవుతుంది. ఎందుకు? ఆ రెండింటి సమయాలకూ పొంతన కుదరలేదు కాబట్టి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. కూడళ్ల మధ్య 500 మీటర్ల దూరం ఉంటే, మొదటి పచ్చలైటు వెలిగిన 50 సెకన్లకు రెండోది వెలగాలి. అప్పుడు వాహనాల గుంపు ఆగకుండా సాగిపోతుంది. ఆగి కదిలిన ప్రతిసారీ ఇంజను అదనంగా ఇంధనం తాగుతుంది, పొగ వదులుతుంది. అలా ఆగడం తగ్గితే, రోడ్డు వెడల్పు చేయకుండానే, ఒక్క చెట్టూ కొట్టకుండానే రోజూ ఆదా. లాస్ ఏంజెలెస్ నగరం 1984 ఒలింపిక్స్ వేళ కంప్యూటర్లతో సిగ్నళ్ల సమయాలకు పొంతన కుదిర్చే పని మొదలుపెట్టి, 2013 నాటికి సుమారు 4,400 సిగ్నళ్లను ఒకే వ్యవస్థలోకి తెచ్చింది.

దారి సాఫీ అయితే మరిన్ని బండ్లు రావా? వస్తాయి, కొంత లాభం కరిగిపోతుంది కూడా. అయితే అది పని మానేయడానికి కారణం కాదు, మళ్లీ మళ్లీ చేయడానికి కారణం. కొత్త బడో కాలనీయో వస్తే రద్దీ తీరు మారుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి బండ్లను లెక్కపెట్టి సెకన్లు సరిచేయాలి. మరి నడిచేవాళ్లు? కర్ర పట్టుకున్న అవ్వ నిదానంగా అవతలి గట్టుకు చేరే సమయాన్ని ముందు పక్కన పెట్టాకే, మిగిలిన సెకన్లను బండ్లకు పంచాలి. మంచి సిగ్నల్ అంటే అందరి సమయాన్నీ గౌరవించేది.